ఈత వచ్చు సరే... ఈ నీళ్లు తెలుసా?

గల్ఫ్ అనగానే ఊళ్లో ఉన్నవాళ్లకు ఇసుక గుర్తుకొస్తుంది. ఒంటెలు, ఎండ, ఎడారి. నీళ్లు మాత్రం గుర్తుకు రావు. కానీ గల్ఫ్ అన్న మాటకు అర్థమే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రం. యూఏఈలో ఉన్న ఏడు ఎమిరేట్లలో సముద్రం తగలని ఎమిరేటు ఒక్కటీ లేదు. దుబాయి, అబుదాబి, షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ క్వైన్, రస్ అల్ ఖైమా ఇటు అరేబియా గల్ఫ్ మీద ఉంటే, ఫుజైరా ఒక్కటి అటు తూర్పున ఒమన్ గల్ఫ్ మీద ఉంది.

మనోళ్లకు వారంలో దొరికేది ఒక్కరోజు సెలవు. కొందరికి శుక్రవారం, కొందరికి ఆదివారం. బట్టలు ఉతుక్కుని, ఇంటికి ఫోన్ చేసుకుని, మాంసం కూర వండుకుని తిన్నాక మిగిలేది సాయంత్రం ఒక్కటే. సినిమాకు పోతే దిర్హాములు ఖర్చు. మాల్‌కు పోతే చూసి రావడమే. ఖర్చు లేకుండా ఒళ్లూ మనసూ రెండూ తేలికయ్యే చోటు సముద్రం ఒడ్డు. సోనాపూర్ నుంచి, అల్ కూజ్ నుంచి, షార్జా సజ్జా నుంచి సెలవు రోజు సాయంత్రం బస్సులెక్కే జట్లను చూడండి. సగం మంది చేతిలో సంచి, సంచిలో తువ్వాలు ఉంటుంది.

సంతోషమే. కాకపోతే ఒక మాట చెప్పాలి. ఈత రానివాడు మోకాళ్ల లోతు దాటి పోడు. వాడి భయమే వాడిని కాపాడుతుంది. ప్రమాదంలో పడేది ఎక్కువగా ఈత వచ్చినవాడే. "ఏం గాదన్నా, మా ఊళ్ల పెద్దబాయి గడ్డ మీంచి దుంకేటోణ్ని" అంటాడు. నిజమే, దూకేవాడే. కానీ అది బావి. ఇది బావి కాదు. ఈత ఒక్కటే అయినా నీళ్లు ఒక్కటి కావు. ఏ నీళ్లు ఎట్లాంటివో తెలుసుకోకుండా దిగడం, మట్టి చూడకుండా పునాది వేసినట్టే.

మన ఊరి నీళ్లు ఏం నేర్పాయి?

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లం ఎక్కువగా వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్నవాళ్లం. నడుముకు ఎండిన సొరకాయ బుర్రో, జీలుగు బెండ్లో, లారీ ట్యూబో కట్టి నాన్నో మామో నీళ్లలోకి తోసేవాళ్లు. బావిలో నీళ్లు కదలవు. నాలుగు వైపులా గోడ. ఎటు ఈదినా పది బారల్లో చెయ్యి రాయికి తగులుతుంది. పైన గడ్డ మీద ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు.

చెరువు వేరు. ఒడ్డున లోతు తక్కువ, తూము దగ్గర లోతు ఎక్కువ. అడుగున బురద, తామర తీగలు. కాలువ ఇంకా వేరు. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువకు సిమెంటు లైనింగు ఉంటుంది. వాలు గోడకు పాచి పట్టి చెయ్యి జారుతుంది. దిగినవాడికి ఈత రాక కాదు, ఎక్కడానికి పట్టు దొరక్క ప్రాణం మీదికొస్తుంది. గోదావరి జిల్లాల వాళ్లకు కాలువలు పుట్టినప్పటి నుంచి తోడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి అక్కడి ఊళ్లన్నీ కాలువ గట్టు మీదే పెరిగాయి. ఇక వాగులో, నదిలో ఇసుక తోడిన గుంతలు కొత్త ప్రమాదం. నిన్నటిదాకా నడుం లోతు ఉన్నచోట ఇవాళ రెండు నిలువుల లోతు ఉంటుంది. పైకి ఏమీ కనబడదు.

అంటే మన ఊళ్లోనే నాలుగు రకాల నీళ్లకు నాలుగు పద్ధతులున్నాయి. ఇక్కడికొచ్చేసరికి ఆ తేడాలన్నీ మరిచిపోయి "నీళ్లే కదా" అనుకుంటున్నాం.

ఉప్పు తేలుస్తుంది, వేడి ముంచుతుంది

ముందు అరేబియా గల్ఫ్ సంగతి. ఇది మహాసముద్రంతో పోలిస్తే లోతు లేని సముద్రం. సగటు లోతు సుమారు 35 మీటర్లే. చుట్టూ ఎడారి. పెద్ద నదుల నీళ్లు వచ్చి కలిసేది పైన ఇరాక్ వైపు ఒక్కచోటే. బయటి సముద్రంతో కలిసే దారి హోర్ముజ్ జలసంధి ఒక్కటే. ఎండకు ఆవిరయ్యే నీళ్లు ఎక్కువ, వచ్చి చేరే మంచినీళ్లు తక్కువ. అందుకే ఉప్పు పేరుకుంటుంది. మామూలు సముద్రంలో కిలో నీళ్లకు 35 గ్రాముల ఉప్పుంటే ఇక్కడ 40 గ్రాములు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే.

ఉప్పు నీళ్లలో మనిషి సులువుగా తేలుతాడు. బావిలో ఈదినవాడికి ఇక్కడ ఒళ్లు తేలికైనట్టు అనిపిస్తుంది. "అరే, ఇంత సులువా" అని నాలుగు బారలు ఎక్కువ పోతాడు. అక్కడే మోసం. పోవడానికి తేలిక, తిరిగి రావడానికి అలలు, గాలి, అలసట. చలికాలంలో వాయవ్యం నుంచి వీచే గాలిని ఇక్కడివాళ్లు షమాల్ అంటారు. అది లేచిందంటే పొద్దున చాప పరిచినట్టున్న నీళ్లు మధ్యాహ్నానికి తలెత్తి కొడతాయి.

రెండోది వేడి. వేసవిలో ఒడ్డు దగ్గర నీళ్ల వేడి 33, 34 డిగ్రీలు కూడా దాటుతుంది. మన చర్మం వేడి కూడా దాదాపు అంతే. ఎండలో పని చేస్తే చెమట పడుతుంది, గాలి తగిలి ఆరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. నీళ్లలో చెమట ఆరదు. నీళ్లే ఒంటితో సమానంగా వేడిగా ఉంటే లోపలి వేడి పోవడానికి దారి లేదు. పైగా నీళ్లలో ఉన్నాం కాబట్టి దాహం తెలియదు, చెమట పోతున్నట్టు తెలియదు. గట్టిగా ఈదేకొద్దీ ఒళ్లు లోపల ఉడుకుతుంది. ఎండదెబ్బ సైట్‌లోనే కాదు, సముద్రంలో కూడా తగులుతుంది.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు బయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ ప్రభుత్వం నిబంధన పెట్టింది. పని చేయకూడదన్న ఎండలో మనంతట మనం పోయి గంటలకొద్దీ ఈదడం ఏం న్యాయం?

ఫుజైరాలో ఏం జరిగింది?

వేడి నీళ్లు ఏం చేస్తాయో ప్రపంచానికి తెలిసింది ఇదే దేశంలో. 2010 అక్టోబర్ 23న ఫుజైరాలో 10 కిలోమీటర్ల బహిరంగ జలాల ఈత ప్రపంచకప్ పోటీ జరిగింది. అమెరికా నుంచి ఫ్రాన్ క్రిపెన్ అనే ఈతగాడు వచ్చాడు. వయసు 26 ఏళ్లు. రోజూ కిలోమీటర్లకు కిలోమీటర్లు ఈదే మనిషి. పోటీ అయిపోయింది. ఒక్కొక్కరూ ఒడ్డుకొచ్చారు. క్రిపెన్ రాలేదు. ముందుగా గుర్తుపట్టింది తోటి ఈతగాళ్లే. వాళ్లే మళ్లీ నీళ్లలోకి దిగి వెతికారు. సుమారు రెండు గంటల తర్వాత శవం దొరికింది. ఆ రోజు నీళ్లు చాలా వేడిగా ఉన్నాయని, ఒళ్లు తూలిందని మిగతా ఈతగాళ్లు చెప్పారు. కొందరిని ఆస్పత్రికి కూడా తీసుకెళ్లారు.

కారణాల మీద విచారణలు, వాదనలు చాలానే జరిగాయి. చివరికి వచ్చిన మార్పు ఏంటంటే, అంతర్జాతీయ పోటీలకు నీళ్ల వేడి మీద పైహద్దు పెట్టారు. ఇప్పటి నిబంధన ప్రకారం నీళ్లు 16 డిగ్రీల కంటే చల్లగా ఉన్నా, 31 డిగ్రీల కంటే వేడిగా ఉన్నా పోటీ పెట్టకూడదు.

ఈ అంకె మనకు ఎందుకంటే, ప్రపంచ స్థాయి ఈతగాళ్లను కూడా దింపొద్దన్న 31 డిగ్రీలను ఇక్కడి సముద్రం వేసవి నెలల్లో రోజూ దాటుతుంది. ఒడ్డున నడుం లోతులో మునిగి లేవడం వేరు. పందెం కాసి "ఆ బోయా దాకా పోయొస్తా" అనడం వేరు.

ముత్యాల వాళ్ల నియమం

ఈ సముద్రంలో మనుషులు దిగడం కొత్త కాదు. నూనె దొరకక ముందు ఈ తీరానికి బతుకుతెరువు ముత్యాలే. వేసవి వచ్చిందంటే పడవలు కదిలేవి. నెలల తరబడి సముద్రం మీదే. ముక్కుకు చిన్న క్లిప్పు, కాలికి రాయి బరువు, నడుముకో మెడకో బుట్ట. ఊపిరి బిగబట్టి దిగి ఆల్చిప్పలు ఏరేవాళ్లు. 1930 ప్రాంతంలో జపాన్ పెంపుడు ముత్యాలు బజారులోకి వచ్చాక ఆ వ్యాపారం కూలిపోయింది.

వాళ్ల పనిలో ఒక నియమం ఉండేది. దిగేవాడిని గైస్ అనేవాళ్లు. పైన పడవలో తాడు పట్టుకుని నిలబడేవాడిని సైబ్ అనేవాళ్లు. గైస్ తాడు గుంజగానే సైబ్ పైకి లాగాలి. కింద ఒకడుంటే పైన ఒకడు. పైన మనిషి లేకుండా కిందికి మనిషి దిగడు.

సైట్‌లో పని చేసే మనకు ఇది తెలియని సంగతి కాదు. మ్యాన్‌హోల్‌లోకో ట్యాంకులోకో మనిషిని దింపాలంటే పర్మిట్ రాయాలి, పైన స్టాండ్‌బై మనిషిని పెట్టాలి. ఆ మనిషి లేకపోతే సేఫ్టీ ఆఫీసర్ పని ఆపేస్తాడు. మరి సెలవు రోజు సముద్రంలో దిగేటప్పుడు మన స్టాండ్‌బై మనిషి ఎవరు? జట్టుగా పోయిన పది మందిలో పది మందీ నీళ్లలో ఉంటే ఒడ్డున లెక్క పెట్టేవాడు ఎవడు?

తూర్పు తీరం: అందం ఎక్కువ, లోతూ ఎక్కువ

ఫుజైరా, ఖోర్ ఫక్కాన్, కల్బా, దిబ్బా వైపు పోతే సముద్రం రంగే మారిపోతుంది. హజర్ కొండలు ఒడ్డు దాకా వస్తాయి. అటు ఉన్నది ఒమన్ గల్ఫ్. అది నేరుగా అరేబియా సముద్రంలోకి తెరుచుకుంటుంది. ఇటు గల్ఫ్ పదుల మీటర్ల లోతుంటే, అటు లోపలికి పోయేకొద్దీ లోతు వేల మీటర్లకు దిగుతుంది. అలలు బయటి సముద్రం నుంచి వస్తాయి కాబట్టి బలం ఎక్కువ. చాలాచోట్ల నాలుగడుగులకే కాలు అందదు.

ఇంకొకటి. ఈ నీళ్లు ఒక్కోసారి ఎర్రగా, గోధుమ రంగులోకి మారతాయి. నాచులాంటి సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగితే అట్లా అవుతుంది. 2008 ఆగస్టులో మొదలై నెలల తరబడి ఈ తీరమంతా అట్లా అయింది. చేపలు కుప్పలుగా చచ్చాయి. సముద్రపు నీళ్లను మంచినీళ్లుగా మార్చే ప్లాంట్లు కొన్ని ఆపాల్సి వచ్చింది. నీళ్ల రంగు మారినా, వాసన వచ్చినా, ఒడ్డున చచ్చిన చేపలు కనిపించినా దిగొద్దు.

ఖోర్లు, లగూన్లు, కొత్త కాలువ

అరబ్బీలో ఖోర్ అంటే సముద్రం నేలలోకి పాయగా చొచ్చుకొచ్చిన చోటు. దుబాయి క్రీక్ అట్లాంటిదే. దేరాకు, బర్ దుబాయికి మధ్య ఒక దిర్హాం ఇచ్చి అబ్రాలో దాటని తెలుగోడు ఉండడు. ఈ ఖోర్‌లో ఇసుక పూడుకుపోతుంటే 1960 ప్రాంతంలో తవ్వి లోతు చేశారు. పెద్ద పడవలు రావడంతో దుబాయి వ్యాపారం పెరిగింది. తర్వాత దీన్ని బిజినెస్ బే దాకా పొడిగించి, 2016 నవంబర్‌లో ఇంకో 3.2 కిలోమీటర్ల కాలువ తవ్వి మళ్లీ సముద్రంలో కలిపారు. అంటే సగం దేవుడు చేసిన నీళ్లు, సగం మనిషి తవ్విన నీళ్లు. మనలో కొందరు ఆ కాలువ గోడలకు కాంక్రీటు పోసినవాళ్లే.

చూడటానికి మన గోదావరి కాలువ లాగే ఉంటుంది. కానీ ఇది పడవల దారి, ఈత స్థలం కాదు. నిలువు గోడలు, ఎక్కడానికి పట్టు లేదు, పడవల ఇంజిన్లు తిరుగుతుంటాయి. పడవ నడిపేవాడికి నీళ్లలో మనిషి తల కనబడదు.

మమ్జార్ లాంటి లగూన్లు వేరు. ఇటు దుబాయికి అటు షార్జాకు మధ్య నీళ్లు నిలకడగా ఉంటాయి, అలలు తక్కువ. ఈతకు కేటాయించిన బీచ్ ఉంటుంది, లైఫ్‌గార్డ్ ఉంటాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇట్లాంటి చోటే మేలు. కానీ ఆ బీచ్ హద్దు దాటి పక్కకు పోతే మళ్లీ పడవలు, జెట్ స్కీలు. పోటుకూ పాటుకూ లగూన్ మూతి దగ్గర నీళ్లు వేగంగా లోపలికీ బయటికీ పారుతుంటాయి. ఉమ్ అల్ క్వైన్‌లో మడ చెట్ల మధ్య ఉన్న నీళ్లు కూడా అట్లాంటివే. పాటు సమయంలో నడిచిపోయిన దారి పోటు వచ్చేసరికి మునిగిపోతుంది.

మనుషులు కట్టిన సముద్రం

పామ్ జుమేరా పని 2001లో మొదలైంది. సముద్రం అడుగు నుంచి ఇసుక తోడి పోసి దీవి చేశారు. చుట్టూ సుమారు 11 కిలోమీటర్ల రాళ్ల కట్ట వేశారు. కట్ట లోపల నీళ్లు కదలక పాడవుతాయని గుర్తించి, మధ్యలో ఖాళీలు వదిలి సముద్రపు నీళ్లు వచ్చిపోయేలా చేశారు. మన చెరువుకు తూము, అలుగు ఎట్లాగో ఇది అట్లాగే. కట్టినవాడికి తెలుసు, నీళ్లు పారే దారి ఎక్కడుందో అక్కడ లాగుడు ఉంటుంది.

దుబాయి, అజ్మాన్, అబుదాబి ఎక్కడ చూసినా బీచ్‌కు అడ్డంగా రాళ్ల కట్టలు కనిపిస్తాయి. ఇసుక కొట్టుకుపోకుండా వేసినవి. మనోళ్లకు ఆ రాళ్ల మీద కూర్చోవడం ఇష్టం, అక్కడి నుంచి దూకడం ఇంకా ఇష్టం. రెండూ ప్రమాదమే. ఒడ్డుకు కొట్టిన అల నీళ్లు మళ్లీ లోపలికి పోవాలంటే దారి కావాలి. అవి తరచుగా ఈ రాళ్ల పక్క నుంచే లోపలికి పారుతాయి. పైకి అక్కడ అలలు తక్కువగా కనబడతాయి కాబట్టి అదే మంచి చోటని దిగుతాం. తీరా అదే మనల్ని లోపలికి తీసుకుపోతుంది. రాళ్ల మీద పాచి, గవ్వలు. పట్టుకుందామంటే చెయ్యి కోసుకుపోతుంది. రాళ్ల సందుల్లో కాలు ఇరుక్కుంటుంది.

మా క్యాంపులో షట్టరింగ్ పని చేసే తమ్ముడు ఒకడున్నాడు. మెట్‌పల్లి వైపు. మంచి ఈతగాడు. పోయిన చలికాలం ఇట్లాగే రాళ్ల పక్కన దిగాడు. ఎంత ఈదినా ఒడ్డు దగ్గరికి రావడం లేదు. గట్టిగా ఈదుతున్నకొద్దీ చేతులు పడిపోతున్నాయి. ఒడ్డున చేపలు పడుతున్న ఒక మలయాళీ పెద్దాయన చూసి "సీదా మత్ ఆవో, సైడ్ మే జావో" అని అరిచాడు. తమ్ముడు పక్కకు తిరిగి ఒడ్డు వెంబడి ఈదాడు. కొంచెం దూరం పోయేసరికి లాగుడు ఆగింది, అల వాణ్ని తీసుకొచ్చి ఒడ్డున పడేసింది. "అన్నా, నేను ఈదింది నీళ్లతో కాదు, సావుతోని" అన్నాడు ఆ రాత్రి.

ఆ పెద్దాయన చెప్పిన ఒక్క మాటే ఈ వ్యాసం మొత్తానికి ముఖ్యమైంది. నీళ్లు లోపలికి లాగుతుంటే ఎదురు ఈదొద్దు. ఒడ్డుకు సమానంగా పక్కకు ఈదాలి. ఆ పాయ వెడల్పు తక్కువే. దాటాక ఒడ్డు వైపు తిరగాలి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి. ఉప్పు నీళ్లు, తేలుస్తాయి.

కొండ వాగులు, డ్యాములు

హత్తా, రస్ అల్ ఖైమా, ఫుజైరా కొండల్లో వాదీలు ఉన్నాయి. వాదీ అంటే మన వాగే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉంటుంది. అక్కడక్కడ రాళ్ల మధ్య మడుగులు, చల్లని మంచినీళ్లు. ఉప్పు నీళ్లతో విసిగినవాడికి స్వర్గం లాగుంటుంది.

కానీ ఈ కొండలు మట్టి కొండలు కావు, రాతి కొండలు. వాన పడితే నీళ్లు ఇంకవు, మొత్తం జారి వాదీలోకి వస్తాయి. వాన మీ నెత్తిన పడాల్సిన పని లేదు. పైన ఎక్కడో కొండ మీద పడితే చాలు. మీ దగ్గర ఎండ కాస్తుండగానే వరద వస్తుంది. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు కూడా గడవకముందే 254.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఇక్కడ లెక్కలు రాయడం మొదలైన 75 ఏళ్లలో అంత వాన లేదు. ఆ రోజు చూసినవాళ్లకు వాదీ అంటే ఏంటో చెప్పక్కర్లేదు.

2023లోనే చట్టం గట్టిగా చేశారు. వరద పారుతున్న వాదీలోకి బండి దింపితే 2,000 దిర్హాముల జరిమానా, 23 బ్లాక్ పాయింట్లు, 60 రోజులు బండి జప్తు. వాన రోజుల్లో వాదీల దగ్గర, డ్యాముల దగ్గర గుంపుగా చేరినా 1,000 దిర్హాములు, 6 బ్లాక్ పాయింట్లు. వ్యాన్ నడిపే మన డ్రైవర్ తమ్ముళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. సరదాకు పోయి లైసెన్సు పోగొట్టుకుంటే ఉద్యోగం పోయినట్టే.

హత్తా డ్యాము నీళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. పడవ అద్దెకు తీసుకుని లైఫ్‌జాకెట్ వేసుకుని తిరగొచ్చు. ఈతకు మాత్రం అనుమతి లేదు. డ్యాము కట్ట పక్కన లోతు ఒక్కసారిగా దిగుతుంది. మంచినీళ్లలో ఒళ్లు తేలడం తగ్గుతుంది. సముద్రానికి అలవాటు పడినవాడికి ఆ తేడా నీళ్లలో దిగాకే తెలుస్తుంది.

ఎడారి చెరువులు, సైట్ గుంతలు

దుబాయి బయట అల్ ఖుద్రాలో ఎడారి మధ్యలో చెరువులున్నాయి. మనుషులు తవ్వి నింపినవి. కొంగలు, బాతులు వస్తాయి. చూసి, అన్నం మూట విప్పుకుని తిని రావడానికి బాగుంటాయి. ఈతకు కావు. అల్ ఐన్ జెబెల్ హఫీత్ కింద, రస్ అల్ ఖైమా ఖట్‌లో వేడినీటి ఊటలున్నాయి. కాళ్ల నొప్పులున్నవాళ్లకు హాయి. అక్కడ కాళ్లు ముంచుకోవడమే, ఈత పందేలు కావు.

అల్ ఐన్ ఖర్జూర తోటలో ఫలజ్ చూడండి. కొండ కింది నీళ్లను భూమి లోపల సొరంగం తవ్వి తోటకు తెచ్చిన కాలువ. వంతుల వారీగా పారకం. మన చెరువు కింద నీరటికాడు తూము తిప్పినట్టే. అందులో చెయ్యి పెడితే ఊరు గుర్తుకొస్తుంది.

చివరగా మన సైట్‌లు. సముద్రం పక్కన నేల తవ్వితే కొద్ది మీటర్లకే నీళ్లు. రాత్రింబవళ్లు డీవాటరింగ్ పంపులు నడవాలి. పంపు ఆగితే గుంత చెరువవుతుంది. వేసవిలో అట్లా నిండిన గుంతలో స్నానానికి దిగేవాళ్లున్నారు. అడుగున ఏముందో తెలియదు. నిలువుగా ఉన్న రాడ్లు, కేబుళ్లు, జారే షీట్‌పైల్ గోడ. ఇది ఈత స్థలం కాదు, పని స్థలం. సూపర్‌వైజర్‌గా నా మాట: ఎవరైనా దిగితే వాణ్ని పైకి రప్పించడం సూపర్‌వైజర్ బాధ్యత, గుంతకు కంచె వేయించడం కూడా సూపర్‌వైజర్ బాధ్యతే.

ప్రపంచంలో ఎక్కడ ఈదుతున్నారు?

బహిరంగ జలాల్లో 10 కిలోమీటర్ల ఈత 2008 బీజింగ్‌లో మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. అక్కడ పడవ పందేల కోసం కట్టిన నీళ్లలో ఈదారు. 2012 లండన్‌లో హైడ్ పార్క్ చెరువులో, 2016 రియోలో సముద్రంలో, 2021లో జరిగిన టోక్యో పోటీల్లో అఖాతంలో ఈదారు. టోక్యోలో వేడికి భయపడి పొద్దున ఆరున్నరకే పోటీ మొదలుపెట్టారు. 2024 పారిస్‌లో సీన్ నదిలో ఈదారు. వానలకు మురుగు కలిసి నీళ్లు బాగాలేవని అక్కడ ట్రయాథ్లాన్ వాయిదా కూడా వేశారు. అంత పెద్ద పోటీని నీళ్ల కోసం ఆపారంటే, నీళ్లను చూసి ఆగడం పిరికితనం కాదన్నట్టే కదా.

మన తెలుగు ఆడబిడ్డ గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంకకు, రామేశ్వరానికి మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈది దాటారు.  తర్వాత 2025 జనవరి మొదట్లో విశాఖ నుంచి కాకినాడ దాకా సుమారు 150 కిలోమీటర్ల ఈతను రోజుల వారీగా పూర్తి చేశారు. ఇట్లాంటి ఈతల్లో మనిషి వెంట పడవ వస్తుంది, పడవలో చూసేవాళ్లు ఉంటారు, నీళ్లూ తిండీ అందిస్తారు. ముత్యాల కాలంలో సైబ్ చేసిన పనే ఇది.

ఇవి గుర్తుంచుకోండి

లైఫ్‌గార్డ్ ఉన్న బీచ్‌లోనే దిగండి. ఎర్ర జెండా ఉంటే దిగొద్దు, పసుపు ఉంటే జాగ్రత్త, ఊదా రంగు ఉంటే జెల్లీఫిష్ లాంటివి ఉన్నట్టు.

పగటి డ్యూటీ వాళ్లకు దుబాయిలో జుమేరా 2, జుమేరా 3, ఉమ్ సుఖీమ్ 1 బీచ్‌లలో రాత్రి ఈతకు 2023లో ఏర్పాటు చేశారు. దీపాలు, లైఫ్‌గార్డులు ఉంటారు. వేసవిలో పగటి ఎండ కంటే అదే నయం. దీపాలు లేని చోట చీకట్లో దిగొద్దు.

లుంగీ, ప్యాంటు, బనియన్‌తో దిగొద్దు. తడిసిన బట్ట కాళ్లకు చుట్టుకుంటుంది. షార్ట్ వేసుకోండి.

దిగేముందు నీళ్లు తాగండి. కడుపు నిండా తిన్న వెంటనే, నిద్ర లేని రాత్రి డ్యూటీ తర్వాత, మందు తాగి అసలే దిగొద్దు.

జట్టులో ఒక్కరు వంతులవారీగా ఒడ్డున ఉండండి. పది నిమిషాలకోసారి తలలు లెక్కపెట్టండి.

ఎవరైనా మునుగుతుంటే వెనకే దూకొద్దు. తాడో, తువ్వాలో, ఖాళీ నీళ్ల క్యానో విసరండి. మూత బిగించిన ఇరవై లీటర్ల క్యాన్ మనిషిని తేలుస్తుంది, మన సొరకాయ బుర్ర లాగే. లైఫ్‌గార్డును పిలవండి. పోలీసుకు 999, అంబులెన్సుకు 998, కోస్ట్‌గార్డుకు 996.

ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షల రూపాయలు. పాలసీ రెండేళ్లకో మూడేళ్లకో ముగుస్తుంది. చాలామంది రెన్యువల్ మరిచిపోతారు. తేదీ ఒకసారి చూసుకోండి, కాగితం ఫొటో తీసి ఇంటికి పంపండి.

సముద్రం వద్దని ఎవరూ అనడం లేదు. నాలుగ్గోడల రూములో బంకు మీద పడుకుని ఫోన్ చూసుకునేకంటే నీళ్లలో మునిగి లేవడం వెయ్యి రెట్లు మేలు. కావాల్సింది ఒక్కటే. నీళ్లను చూసి, అడిగి, తెలుసుకుని దిగాలి. కొత్తగా వచ్చిన తమ్ముళ్లను సముద్రానికి తీసుకుపోయేటప్పుడు, వాళ్లకు ఈత వచ్చా అని అడగడంతో ఆపకండి. "తమ్మీ, నువ్వు ఏ నీళ్లల్ల నేర్చుకున్నవ్?" అని అడగండి. వాడు బాయి అంటే, ఈ నీళ్ల సంగతి నాలుగు మాటలు చెప్పి అప్పుడు దింపండి.